స్నానం నీళ్లకు బ్యాటరీ ఎందుకు?

భిలాయిలో ‘బ్యాటరీ’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఉక్కు కర్మాగారంలో పనిచేసేవారికి ముందుగా గుర్తొచ్చేది కోక్ ఓవెన్ బ్యాటరీ. వరసగా కట్టిన ఇటుక పొయ్యిల్లో, గాలి తగలకుండా, 1000 డిగ్రీలు దాటిన వేడిలో బొగ్గును కోక్‌గా మార్చే కట్టడం అది. రెండో అర్థం ఇంటింటికీ తెలిసిందే: ఇన్వర్టర్ పక్కన మూలన కూర్చునే బరువైన పెట్టె. మొదటి బ్యాటరీ పని అంతా వేడితోనే. రెండోదానికి వేడి పుట్టించే పని అప్పగిస్తే ఏమవుతుందన్నదే ఇక్కడి చర్చ.

ఈ ప్రశ్న ఇప్పుడు ఎందుకంటే, సోలార్ ప్యానెళ్లు, లిథియం బ్యాటరీలు చౌకవుతున్న కొద్దీ ‘కరెంటు లేని చోట కూడా గీజర్ పెట్టుకోవచ్చు’ అన్న ఆశ పెరుగుతోంది. పడవల్లో, పొలాల్లోని షెడ్లలో, అడవి పల్లెల్లో, కరెంటు కోతల ఊళ్లలో ఒకటే ఆలోచన: ప్యానెల్ ఉంది, బ్యాటరీ ఉంది, ఇక హీటర్ రాడ్ తగిలిస్తే సరిపోదా? సరిపోదు. బ్యాటరీలో దాచిన విద్యుత్తుతో స్నానం నీళ్లు కాచడం, ఏవో కొన్ని సందర్భాల్లో తప్ప, తప్పుడు లెక్క. ఆ లెక్క ఎలా తప్పుతుందో చూడడానికి భిలాయి పక్కనున్న మరోదా మంచి చోటు.

మరోదా పేరు చెప్పగానే గుర్తొచ్చేది చెరువు. తాండుల కాలువ తెచ్చే నీళ్లు ఇక్కడి జలాశయాల్లో చేరి, ఉక్కు కర్మాగారానికీ, దాని టౌన్‌షిప్‌కూ అందుతాయి. దల్లీ రాజహరా గనుల ఇనుప ఖనిజాన్ని మోసుకొచ్చే రైళ్లు మరోదా స్టేషన్ మీదుగానే వస్తాయి. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన నాటి నుంచి ఉత్తరాంధ్ర జిల్లాల వాళ్లు ఎందరో ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. ఊళ్లో పిడకలూ తాటాకులూ వేసి కాగులో నీళ్లు కాచుకున్న కుటుంబాలు, క్వార్టర్లలో బొగ్గు పొయ్యికీ, తర్వాత హీటర్ రాడ్డుకీ, గీజర్‌కీ అలవాటు పడ్డాయి. డిసెంబర్, జనవరి తెల్లవారుజాముల్లో ఉష్ణోగ్రత పది, పన్నెండు డిగ్రీల దగ్గరికి దిగే ఊళ్లో వేడినీళ్లు విలాసం కాదు. ఉదయం షిఫ్టుకు వెళ్లేవారికి, పసిపిల్లలకు, ముసలివారికి అది రోజువారీ అవసరం.

ఒక బకెట్ లెక్క

నీళ్లను వేడి చేయడం చూడడానికి చిన్న పని. ప్రకృతి లెక్కలో మాత్రం చాలా పెద్ద పని. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4.2 కిలోజౌళ్ల శక్తి కావాలి. మనకు రోజూ తగిలే పదార్థాల్లో ఇంత శక్తి అడిగేవి అరుదు. 20 లీటర్ల బకెట్ నీళ్లను 20 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు తేవాలంటే 20ని 25తో, దాన్ని 4.2తో గుణించాలి. వచ్చేది 2,100 కిలోజౌళ్లు. కరెంటు బిల్లు భాషలో ఇది 0.58 యూనిట్.

అర యూనిట్ పైన కొంచెం. బిల్లులో కనిపించనంత చిన్న అంకె. కానీ అదే శక్తితో ఇంకేం చేయవచ్చో పక్కన పెట్టి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు 64 గంటలు వెలుగుతుంది. 28 వాట్ల కొత్తరకం ఫ్యాను 20 గంటలు తిరుగుతుంది. 10 మీటర్ల ఎత్తున్న ట్యాంకులోకి, మోటారు నష్టాలు పక్కన పెడితే, వెయ్యికి పైగా బకెట్ల నీళ్లు ఎక్కించవచ్చు. ఇంకో మాటలో చెప్పాలంటే, ఆ బకెట్ నీళ్లను కాచడానికి పట్టే శక్తితో అదే బకెట్‌ను నేల నుంచి 10 కిలోమీటర్లకు పైగా, అంటే 8,849 మీటర్ల ఎవరెస్టు శిఖరాన్ని దాటించి, పైకెత్తవచ్చు. నీళ్లను మోయడం కన్నా కాచడం ఎన్ని రెట్లు ఖరీదో ఈ పోలిక చెబుతుంది.

ఇప్పుడు ఇంట్లోని బ్యాటరీ సంగతి. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ల లెడ్-యాసిడ్ బ్యాటరీలో కాగితం మీద 1.8 యూనిట్లు ఉంటాయి. దాన్ని పూర్తిగా ఖాళీ చేస్తే ఆయుష్షు పడిపోతుంది కాబట్టి సగం వరకే వాడమంటారు. మిగిలింది 0.9 యూనిట్. ఇన్వర్టర్ నష్టాలు పోతే 0.8. అంటే 50 కిలోలకు పైగా బరువుండే ఆ పెట్టె నుంచి వచ్చేది ఒక బకెట్, ఇంకో బకెట్‌లో మూడో వంతు. నలుగురున్న ఇంట్లో మొదటివాళ్లు స్నానం చేసి బయటికొచ్చేసరికి బ్యాటరీ అలసిపోతుంది.

పక్కనే వంటింట్లో ఉన్న 14.2 కిలోల గ్యాస్ సిలిండర్‌తో పోల్చితే తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. అందులోని గ్యాసు మొత్తం మండితే సుమారు 180 యూనిట్ల వేడి వస్తుంది. సగం గాలిలో కలిసిపోయినా 150 బకెట్ల నీళ్లు కాగుతాయి. ఇంధనం, బ్యాటరీ రెండూ శక్తిని దాచేవే. దాచే సాంద్రతలో మాత్రం వాటికి పోలికే లేదు.

బ్యాటరీకి నచ్చని పని

మొత్తం ఎంత శక్తి అన్నది ఒక ఎత్తు, ఎంత వేగంగా లాగుతున్నాం అన్నది ఇంకో ఎత్తు. ఇళ్లలో వాడే ఇన్వర్టర్ బ్యాటరీ సామర్థ్యాన్ని సాధారణంగా 20 గంటల పాటు నెమ్మదిగా వాడితే వచ్చే లెక్కలో రాస్తారు. 150 ఆంపియర్-అవర్లంటే ఏడున్నర ఆంపియర్ల చొప్పున 20 గంటలు. బల్బులు, ఫ్యాన్లు అంతకు కాస్త అటూ ఇటూగా తీసుకుంటాయి. వెయ్యి వాట్ల హీటర్ రాడ్ పెడితే 12 వోల్టుల బ్యాటరీ నుంచి, ఇన్వర్టర్ నష్టాలు కలుపుకొని, 90 ఆంపియర్లు దాటి లాగుతుంది. అది రాసిన వేగానికి 12 రెట్లు.

ఇంత వేగంగా లాగితే లెడ్-యాసిడ్ బ్యాటరీ తన సామర్థ్యంలో దాదాపు సగమే ఇవ్వగలదు. లోపలి ఆమ్లం పలకల దగ్గరికి చేరే వేగం, వాడకం వేగాన్ని అందుకోలేకపోవడమే కారణం. వోల్టేజీ కుంగిపోతుంది, తీగలు వేడెక్కుతాయి, చిన్న ఇన్వర్టర్ అయితే రాడ్ పెట్టగానే ఆగిపోతుంది. సన్నని తీగలు, వదులు బిగింపులు ఉంటే నిప్పు ముప్పు కూడా తోడవుతుంది. నీళ్లు కాచబోయి తీగలను కాచినట్టవుతుంది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు ఈ విషయంలో చాలా మెరుగు. వేగంగా లాగినా సామర్థ్యం అంతగా తగ్గదు, లోతుగా ఖాళీ చేసినా వేల సార్లు పనిచేస్తాయి. కానీ బకెట్ లెక్క మారదు. 0.58 యూనిట్ అన్నది బ్యాటరీ రకం మీద ఆధారపడిన అంకె కాదు. అది నీటి స్వభావం. ఏ కంపెనీ ఏ రసాయనం కనిపెట్టినా నీళ్లు అడిగేది అంతే అడుగుతాయి.

పడవ చెప్పే పాఠం

ఈ లెక్క ఎక్కువగా కలవరపెట్టేది పడవల మీద బతికేవారిని. ఇంగ్లండ్ కాలువల్లో సన్నని పొడుగాటి పడవలనే ఇళ్లుగా చేసుకొని ఉండేవారు చాలామంది. వాళ్లలో చాలామందికి ఒడ్డున కరెంటు కనెక్షన్ ఉండదు. పైకప్పు మీద ప్యానెళ్లు, లోపల బ్యాటరీలు ఉంటాయి. అయినా వేడినీళ్ల కోసం అక్కడ పాతకాలం నుంచి వాడుకలో ఉన్న పద్ధతి వేరు. పడవ నడిచేటప్పుడు ఇంజన్‌ను చల్లబరిచే నీరు వేడెక్కుతుంది కదా, దాన్ని ఒక గొట్టపు చుట్ట ద్వారా వేడినీళ్ల ట్యాంకులోంచి పంపుతారు. డీజిల్ శక్తిలో సుమారు మూడో వంతు ఎలాగూ ఆ చల్లబరిచే నీటిలోకే పోతుంది. పారబోయాల్సిన వేడి స్నానానికి పనికొస్తుంది. బ్యాటరీ దీపాలకు, పంపుకు, ఫోన్లకు మిగులుతుంది.

మన దేశంలో 2017 జనవరిలో కేరళలోని వైకోం, తవణకడవు మధ్య ‘ఆదిత్య’ అనే సౌర పడవ మొదలైంది. 75 మందిని ఎక్కించుకొని నీటి మీద తిరిగే ఆ పడవ కప్పు మీద 20 కిలోవాట్ల ప్యానెళ్లు, లోపల 50 యూనిట్ల లిథియం బ్యాటరీ ఉన్నాయి. దేశంలో తొలి సౌర ఫెర్రీగా పేరు తెచ్చుకున్న పడవ అది. ఇక్కడ ఒక చిన్న గుణకారం చేయాలి. ఆ 75 మందికి తలా ఒక బకెట్ వేడినీళ్లు ఇవ్వాలంటే 43 యూనిట్లు పైన కావాలి. నష్టాలు కలుపుకుంటే పడవ బ్యాటరీ మొత్తం దానికే సరి. అంతమందిని ఒడ్డు నుంచి ఒడ్డుకు దాటించే బ్యాటరీ, వాళ్ల ఒక్కపూట స్నానానికే ఖాళీ అవుతుందన్నమాట.

నీటిపై ప్రయాణం తక్కువ శక్తి అడుగుతుంది. నీటిని కాచడం ఎక్కువ శక్తి అడుగుతుంది. గోదావరిలో లాంచీ నడిపేవారికైనా, రేపు కాలువల్లో సౌర పడవలు తిప్పాలనుకునేవారికైనా గుర్తుండాల్సింది ఇదే.

ఇదే గుణకారం భిలాయికి దగ్గరలోనే ఇంకా పెద్ద అంకెతో చేయవచ్చు. రాజ్‌నందగావ్‌లో సౌర విద్యుత్ కేంద్రంతో పాటు 120 మెగావాట్-అవర్ల బ్యాటరీ నిల్వ ఏర్పాటు చేశారు. 2024 ఫిబ్రవరిలో జాతికి అంకితం చేసిన ఈ కేంద్రం, ఆ నాటికి దేశంలోని అతిపెద్ద బ్యాటరీ నిల్వల్లో ఒకటి. పగటి ఎండను సాయంత్రం దీపాలకు అందించడం దాని పని. ఆ 1,20,000 యూనిట్లన్నీ స్నానాలకే ధారపోస్తే వచ్చేవి రెండు లక్షల చిల్లర బకెట్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం దుర్గ్-భిలాయి నగర సముదాయంలో ఉన్నవారు 10.64 లక్షలు. అంత పెద్ద నిల్వ కూడా ఆ జంట నగరాల్లో అయిదుగురిలో ఒకరికి ఒక్క బకెట్ ఇచ్చి ఖాళీ అవుతుంది.

పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం

శక్తికి పరిమాణం ఒక్కటే కాదు, నాణ్యత కూడా ఉంటుంది. విద్యుత్తు మేలు రకం శక్తి. దానితో మోటారు తిప్పవచ్చు, కంప్యూటర్ నడపవచ్చు, ఉక్కు కరిగించవచ్చు, టీకాలను చల్లగా ఉంచవచ్చు. 45 డిగ్రీల నీటిలోని వేడి నాసి రకం శక్తి. దానితో స్నానం తప్ప పెద్దగా ఏమీ చేయలేం. 19వ శతాబ్దంలో ఫ్రెంచ్ ఇంజనీర్ సాదీ కార్నో చూపిన దారిలో లెక్కిస్తే, అంత గోరువెచ్చని నీటిలోని వేడి నుంచి తిరిగి రాబట్టగల పని నూటికి ఎనిమిది పాళ్లు కూడా ఉండదు. మేలు రకాన్ని నాసి రకంగా మార్చడం క్షణాల మీద పని. తిరిగి వెనక్కి మార్చడం ఎవరి తరమూ కాదు.

బొగ్గు విద్యుత్ కేంద్రంలో బొగ్గు వేడిలో సుమారు మూడో వంతే విద్యుత్తుగా మారుతుంది. మిగతా రెండొంతులు చల్లబరిచే గోపురాల మీదుగా, పొగగొట్టం మీదుగా గాలిలో కలుస్తాయి. అంత కష్టపడి వేడి నుంచి విద్యుత్తును పిండుకొని, దాన్ని తీగల మీద ఇంటికి తెచ్చి, బ్యాటరీలో దాచి, మళ్లీ బయటికి తీసి, చివరికి నీళ్లలో వేడిగా వదిలేస్తున్నాం. బయలుదేరింది వేడి నుంచే, చేరింది వేడికే. నడుమ ప్రతి మజిలీలోనూ సుంకం కట్టాం. గోటితో పోయేదానికి గొడ్డలి అన్నా, పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అన్నా ఇదే.

ఉక్కు కర్మాగారానికి తెలిసిన సంగతి

వేడిని ఎలా దాచాలో భిలాయికి ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. బ్లాస్ట్ ఫర్నేస్‌లోకి ఊదే గాలిని ముందుగా 1000 డిగ్రీలకు పైగా వేడి చేయాలి. దానికోసం ఫర్నేస్ పక్కన గుమ్మటాల్లా నిలబడే స్టవ్‌లు ఉంటాయి. వాటి నిండా జల్లెడలా రంధ్రాలున్న ఇటుకలు పేర్చి ఉంటాయి. కాసేపు వాయువు మండించి ఆ ఇటుకలను ఎర్రగా కాలుస్తారు. తర్వాత మంట ఆపి, చల్లటి గాలిని అదే ఇటుకల మధ్య నుంచి పంపుతారు. ఇటుకలు దాచుకున్న వేడి గాలికి ఎక్కుతుంది. ఒక స్టవ్ వేడెక్కుతుంటే ఇంకొకటి వేడి ఇస్తుంది. ఎడ్వర్డ్ కూపర్ అనే ఇంగ్లిష్ ఇంజనీర్ 1857లో పేటెంట్ పొందిన పద్ధతి ఇది. నేటికీ ఉక్కు పరిశ్రమ దీని మీదే నడుస్తోంది. కోక్ ఓవెన్ బ్యాటరీల అడుగునా ఇలాంటి ఇటుక అరలే ఉండి, పోయే పొగ వేడిని పట్టి, వచ్చే గాలికి అందిస్తాయి.

వేడి కావాలంటే వేడినే దాచాలి. ఇదే సూత్రాన్ని ఇంటికి తెస్తే ఇటుకల బదులు నీళ్లే చాలు. వేడెక్కడానికి అంత శక్తి అడిగే నీరు, అంత శక్తినీ తనలో దాచుకుంటుంది. 100 లీటర్ల నీళ్లను 25 నుంచి 60 డిగ్రీలకు వేడి చేసి, మందపాటి తొడుగున్న ట్యాంకులో ఉంచితే అందులో 4 యూనిట్లకు పైగా శక్తి నిలుస్తుంది. 150 ఆంపియర్-అవర్ల బ్యాటరీలు రెండు కలిపినా కాగితం మీద 3.6 యూనిట్లే. పైగా ట్యాంకులో ఆమ్లం లేదు, సీసం లేదు, ఇన్వర్టర్ లేదు. మంచి తొడుగు ఉంటే సాయంత్రం నుంచి తెల్లారేసరికి పోయేది కొన్ని డిగ్రీలు మాత్రమే. వాటికి చన్నీళ్లు తొలుపుకొని పోసుకుంటే నలుగురికీ సరిపోతాయి.

ఆ నీళ్లను కాచేది ఎవరు? ఎండే. సోలార్ ప్యానెల్ తన మీద పడిన ఎండలో అయిదో వంతును విద్యుత్తుగా మారుస్తుంది. లెడ్-యాసిడ్ బ్యాటరీలో నింపి, తీసి, ఇన్వర్టర్ దాటించి నీళ్లలోకి చేర్చేసరికి వంద పాళ్ల ఎండలో 13, 14 పాళ్లు మిగులుతాయి. అదే ఎండ నల్లటి రాగి పలక మీదనో, గాజు గొట్టాల మీదనో పడి నేరుగా నీళ్లను వేడి చేస్తే 50 పాళ్లు దాటి అందుతాయి. అంటే అదే చోటులో దాదాపు నాలుగు రెట్లు. డాబా మీద రెండు చదరపు మీటర్ల పలక ఉన్న మామూలు సోలార్ వాటర్ హీటర్ రోజుకు 100 లీటర్ల వేడినీళ్లు ఇస్తుంది. ఇందులో కదిలే భాగం కూడా లేదు. వేడెక్కిన నీరు తేలికై తనంత తానే పైనున్న ట్యాంకులోకి ఎక్కుతుంది.

ఇంగ్లండ్ పడవవాసులకు లేని అదృష్టం ఒకటి ఇక్కడ ఉంది. అక్కడ వేడినీళ్లు ఎక్కువగా కావాల్సిన శీతాకాలంలోనే ఎండ ఉండదు. ఛత్తీస్‌గఢ్‌లోనూ, తెలుగు నేల మీదా చలికాలం సాధారణంగా పొడిగా, ఆకాశం తేటగా ఉంటుంది. అవసరం, ఎండ ఒకే కాలంలో వస్తాయి. మబ్బుల వానాకాలంలో వేడినీళ్ల అవసరం తక్కువ. మే నెలలో అయితే డాబా ట్యాంకు నీళ్లే చెయ్యి కాలేంత వేడిగా వస్తాయి. ఇంతటి వెసులుబాటు ఉన్న దేశం, చలి దేశాల అవస్థను అరువు తెచ్చుకొని బ్యాటరీ మీద భారం వేయడం విచిత్రం.

ఎదురు వాదనలు

ఈ అభిప్రాయానికి బలమైన అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది, ప్యానెళ్లు ఇప్పుడు చాలా చౌక. చోటు ఉన్నవారు నాలుగు ప్యానెళ్లు ఎక్కువ పెట్టుకుంటే సామర్థ్యం గొడవ ఎందుకు? ఇందులో నిజం ఉంది. ఎండాకాలం మధ్యాహ్నం బ్యాటరీ నిండిపోయాక ప్యానెళ్లు ఇచ్చే విద్యుత్తుకు దారి ఉండదు. ఆ మిగులును నీళ్లలోకి మళ్లించడం చక్కటి పని. అయితే అక్కడ జరిగేది గమనించాలి. నీళ్లు కాచేది బ్యాటరీ కాదు, మధ్యాహ్నపు ఎండ. బ్యాటరీ నిండాక మాత్రమే హీటర్ మొదలయ్యే చిన్న నియంత్రణ పరికరం ఉంటే చాలు. రాత్రికి దాగేది ట్యాంకులోనే.

రెండోది, అన్ని ఇళ్లకూ సొంత డాబా ఉండదు. టౌన్‌షిప్ క్వార్టర్లలో, అపార్టుమెంట్లలో ఒకే కప్పు కింద ఎన్నో కుటుంబాలు ఉంటాయి. గొట్టాలు పొడవైతే వేడి దారిలోనే పోతుంది. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే గొట్టాల లోపల పొర గట్టి హీటర్ పాడవుతుంది. ఇవన్నీ ఉన్న ఇబ్బందులే. అలాంటి చోట హీట్ పంప్ మంచి మార్గం. ఇది ఫ్రిజ్ పద్ధతికి తిరగేసిన పని చేస్తుంది: బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లకు అందిస్తుంది. ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల దాకా వేడి ఇవ్వగలదు. బకెట్‌కు 0.58 బదులు 0.2 యూనిట్ చాలు. ధర ఎక్కువ కాబట్టి ఒక్కో ఇంటికి కన్నా హాస్టళ్లకు, ఆసుపత్రులకు, ఉమ్మడి భవనాలకు ఎక్కువ నప్పుతుంది.

మూడోది, మామూలు గీజర్ ఉన్నవారు ఏం చేయాలి? వేళ మార్చుకోవాలి. 2023లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు, ఎండ ఉండే గంటల్లో కరెంటు ధర 10 నుంచి 20 శాతం తక్కువగా, గిరాకీ వేళల్లో అంతే ఎక్కువగా ఉండేలా దారి తెరిచాయి. స్మార్ట్ మీటర్లు వచ్చిన కొద్దీ ఇది ఇళ్లకూ వర్తిస్తుంది. మంచి తొడుగున్న గీజర్‌ను తెల్లవారుజామున కాకుండా మధ్యాహ్నం నడపడం అలవాటైతే, దేశంలో లక్షల గీజర్లు ఖర్చు లేని బ్యాటరీలవుతాయి. రాజ్‌నందగావ్‌లో కట్టిన నిల్వకు సాయంత్రం దీపాల పని మిగులుతుంది.

అసలు ఎవరికి నష్టం

టౌన్‌షిప్ ఇంట్లో ఈ తప్పు లెక్క వల్ల పోయేది కొంత బిల్లు, కొంత బ్యాటరీ ఆయుష్షు. కరెంటు చేరని చోట, చేరినా నిలవని చోట పోయేది అంతకన్నా ఎక్కువ.

ఛత్తీస్‌గఢ్ ఈ విషయంలో దేశానికి ఒక మంచి ఉదాహరణ చూపింది. 2012, 2016 మధ్య రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ క్రెడా, సుమారు 570 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఒక్కోచోట 2 కిలోవాట్ల సౌర విద్యుత్ వ్యవస్థలు పెట్టింది. ఢిల్లీకి చెందిన సీఈఈడబ్ల్యూ సంస్థ 2017లో ప్రచురించిన అధ్యయనం, సౌర విద్యుత్తు లేక కరెంటు కొరతతో ఉన్న కేంద్రాల కన్నా వీటిలో నెలకు దాదాపు రెట్టింపు ప్రసవాలు జరుగుతున్నాయని తేల్చింది. రాత్రిపూట దీపం వెలుగుతుందన్న నమ్మకం తల్లులను అక్కడికి రప్పించింది.

ఇప్పుడు బకెట్ లెక్కను ఆ కేంద్రానికి తీసుకెళ్లాలి. మంచి ఎండ రోజున 2 కిలోవాట్ల ప్యానెళ్లు 8 యూనిట్ల దాకా ఇస్తాయి. నష్టాలు పోగా వాడుకోగలిగేది అయిదారు యూనిట్లు. దాని మీదే ప్రసవం గది దీపం, టీకాల ఫ్రిజ్, శిశువును వెచ్చగా ఉంచే పరికరం, ఫ్యాన్లు నడవాలి. పుట్టిన బిడ్డకు 24 గంటల దాకా స్నానం చేయించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కానీ బాలింతకు, గుడ్డలు ఉతకడానికి, శుభ్రత పనులకు వేడినీళ్లు తప్పవు. మూడు బకెట్లకు 1.7 యూనిట్లు. ఆనాటి విద్యుత్తులో నాలుగో వంతుకు పైగా. మబ్బు పట్టిన రెండో రోజున హీటర్ రాడ్ ఆ బ్యాటరీ మీద పడితే అర్ధరాత్రి వెలగాల్సిన దీపం వెలగదు. వేడినీళ్లా, వెలుతురా అన్న ఎంపిక ఏ నర్సు ముందుకూ రాకూడదు.

దానికి విరుగుడు పెద్ద ఖర్చు కాదు. ప్యానెళ్లు పెట్టిన ప్రతి ఆరోగ్య కేంద్రం, ఆశ్రమ పాఠశాల, హాస్టల్ కప్పు మీద పక్కనే ఒక సోలార్ వాటర్ హీటర్ కూడా ఉండాలి. బ్యాటరీ పరిమాణం లెక్కగట్టే ఇంజనీర్ మొదట అడగాల్సిన ప్రశ్న ‘ఎన్ని బల్బులు’ అని మాత్రమే కాదు, ‘నీళ్లు ఎలా కాస్తున్నారు’ అని కూడా.

విధానం మరిచిపోయిన పలక

2010లో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ సౌర మిషన్‌కు విద్యుత్ లక్ష్యంతో పాటు, 2022 నాటికి 2 కోట్ల చదరపు మీటర్ల సౌర ఉష్ణ పలకల లక్ష్యం కూడా ఉండేది. ఇళ్లలో సోలార్ వాటర్ హీటర్లకు కేంద్రం రాయితీ ఇచ్చేది. 2014లో అది ఆగింది. బెంగళూరు వంటి నగరాల్లో కొత్త ఇళ్లకు వీటిని తప్పనిసరి చేయడం వల్ల డాబాల మీద అవి విస్తరించాయి. మిగతా చోట్ల సౌరశక్తి అంటే విద్యుత్ ప్యానెలే అన్న భావన స్థిరపడింది. 2024లో వచ్చిన పీఎం సూర్య ఘర్ పథకం కోటి ఇళ్ల కప్పులకు ప్యానెళ్లు చేర్చాలని పెట్టుకుంది. 3 కిలోవాట్ల వ్యవస్థకు రూ.78,000 దాకా సాయం ఇస్తోంది. మంచి పథకమే. కానీ ఆ కప్పు మీద రెండు చదరపు మీటర్ల చోటు వేడినీళ్లకు వదిలితే, ఆ ఇంటి విద్యుత్ అవసరంలో పెద్ద ముక్క అక్కడే తగ్గిపోతుంది. రెంటినీ కలిపి ఇచ్చే సాయం గురించి ఆలోచించాల్సిన సమయమిది.

మరోదా జలాశయం మీద కూడా ఉక్కు కర్మాగారం కోసం 15 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రం తలపెట్టారు. తెలుగువారికి ఇలాంటివి కొత్త కాదు. విశాఖ దగ్గర సింహాద్రిలో 25 మెగావాట్ల కేంద్రం 2021లో, రామగుండంలో 100 మెగావాట్ల కేంద్రం 2022లో పని మొదలుపెట్టాయి. నీళ్ల మీద ప్యానెళ్లు పరిచి సంపాదించే విద్యుత్తు చాలా విలువైనది. మోటార్లు, యంత్రాలు, దీపాలు దానికి ఎదురుచూస్తున్నాయి. అదే చెరువు నీళ్లను ఇంటి కుళాయి దగ్గర గోరువెచ్చగా చేయడానికి ఆ విద్యుత్తును బ్యాటరీల్లో నింపి ఖర్చు పెట్టనవసరం లేదు. ఆ పని చేయడానికి డాబా మీద పడే ఎండ, కింద ఒక తొడుగు వేసిన ట్యాంకు చాలు. విద్యుత్తును విద్యుత్తు మాత్రమే చేయగల పనులకు ఉంచి, వేడిని వేడిగానే దాచుకోవడమే పొదుపు.